మెచ్చుకుంటే ఏడ్చేవాడు

మా మునిమనవరాలికి అన్నం పెడుతున్నారు. మూడేళ్ళ పిల్ల. వచ్చే జూన్‌లో బడిలో వెయ్యాలని ఇంటిల్లిపాదీ ఇప్పటినుంచే నడుం బిగించారు. ముద్ద మింగితే గుడ్ గర్ల్. నీళ్ళు తాగితే వెరీ గుడ్. చెప్పులు తనే తొడుక్కుందంటే వాళ్ళమ్మ చప్పట్లు, నాన్న చప్పట్లు, ఫోన్లోంచి ఎక్కడో ఉన్న మేనత్త చప్పట్లు. నేను పక్కన కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. మోకాళ్ళు మొరాయించినప్పటినుంచి నా సంసారమంతా ఆ కుర్చీలోనే. ఊరికే కూర్చుని చూడ్డం కూడా ఒక పనేనని ఈ వయసులోగాని తెలియదు. సాయంత్రానికి ఒళ్ళు అలిసిపోతుంది.

మొన్న మనవడి భార్య అడిగింది. "నానమ్మా, మీ రోజుల్లో పిల్లల్ని స్కూలుకి ఎలా అలవాటు చేసేవాళ్ళు? ఏడ్చేవాళ్ళు కాదా?"

"ఏడ్చేవాళ్ళమ్మా" అన్నాను. అంతకు మించి చెప్పే ఓపిక లేకపోయింది. ఆమెకూ వినే తీరిక లేదు, ఆఫీసు ఫోను మోగితే లేచి వెళ్ళింది.

కానీ ఆ చప్పట్లు విన్నప్పుడల్లా నా ముక్కుకు ఎండుమిరపకాయలు మాడిన ఘాటు తగులుతుంది. వంటింట్లో ఏమైనా మాడుతోందా అని ఇదివరకు అడిగేదాన్ని. ముసలిదానికి ముక్కు కూడా పోయిందనుకుంటారని మానేశాను. అది ఈ ఇంటి వాసన కాదు. నాంపల్లి స్టేషను వెనక, ఇప్పుడు జాడైనా లేని ఒక వాడలో, ఒక వానాకాలం నాటిది. పేర్లు చెప్పను. ఆ పేర్లవాళ్ళు చాలామంది పోయారు, ఉన్న ఒక్కడికి చెబితే కోపం వస్తుంది.

ఆ వాడ ఒకప్పుడు ఎవరో జాగీర్దారు గుర్రాలను కట్టేసిన చోటు. గుర్రాలు పోయాయి, జాగీర్లూ పోయాయి, మధ్యలో తడకలు కట్టి మాలాంటివాళ్ళకు కిరాయికి ఇచ్చారు. వాన పడితే చాలు, గచ్చులోంచి పాత గుర్రపు వాసన లేచేది. స్టేషను పక్కనే కనక బొగ్గుపొగ, సందు చివరి ఇరానీ హోటలు నుంచి చాయ్ వాసన, ఎవరో ఒకరి పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన. ఊళ్ళో గడబిడలు ముదిరిన రోజుల్లో మూటాముల్లే సర్దుకుని అక్కడికి వచ్చి పడ్డాం. నాగలి పట్టిన మా బాపుకు బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, మాలీ పని దొరికింది. "దున్నెటోనికి పూలకు నీళ్ళు వోసే పనేంది" అని కొన్నాళ్ళు సిగ్గుపడ్డాడు. తర్వాత గులాబీల గురించి తప్ప మరొకటి మాట్లాడటం మానేశాడు.

నాకూ తమ్ముడికీ మధ్య ఇద్దరు మగపిల్లలు పుట్టి నిలవలేదు. మేం అమ్మను అవ్వ అనేవాళ్ళం. తమ్ముడు పుట్టగానే అవ్వ వాణ్ణి చాటలో పడుకోబెట్టి పక్కింటామెకు తౌడుకు అమ్మేసింది. నిజంగా అమ్మడం కాదు. పిల్లలు నిలవని ఇళ్ళలో అలా చేసేవారు. ఇంకొకరి బిడ్డ అయిపోతే చావు మన గడప తొక్కదని నమ్మకం. పక్కింటామె చాటెడు తౌడు పోసి పిల్లాణ్ణి కొనుక్కుంది, పాలివ్వమని మళ్ళీ మా అవ్వ ఒళ్ళోనే పెట్టింది.

ఆ కొన్నావిడ మెదక్ దిక్కు క్రైస్తవురాలు. ఆబిడ్స్‌లో ఒక మిషను బడిలో ఆయా పని చేసేది, వాడంతటికీ ఆయమ్మ. కొన్న మాటను ఆమె మా అవ్వకంటే గట్టిగా పట్టుకుంది. ఆదివారం ప్రార్థనలో "నా తౌడు కొడుకు" అని వాడికోసం ప్రత్యేకంగా అడుక్కునేదట. నన్ను ఆ బడిలో చేర్పించిందీ ఆమే. నేనప్పుడు నాలుగో తరగతి.

ఇక మా అవ్వ సంగతి చెప్పాలి. అవ్వ ఎన్నడూ తమ్ముణ్ణి మంచి మాటతో పిలవలేదు. కోతి మొకమోడా అనేది, పనికిరానోడా అనేది. ఎవరైనా వాణ్ణి చూసి ముద్దుగా ఉన్నాడన్నారో, అయిపోయింది. అన్నవాళ్ళ ఎదుటే వాడి తొడ గిల్లేది. వాడు కెవ్వుమనేవాడు. ఏడ్చే పిల్లాడి మీద ఎవరి కళ్ళూ నిలవవని ఆమె లెక్క. ఆ తర్వాత లోపలికి తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టి తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు వస్తే ఫికర్ లేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తాకినట్టు. ఆ పొగకు వాడు దగ్గి దగ్గి మళ్ళీ ఏడ్చేవాడు. వాడకు పాలు పోసే ముసలామెకు ఈ సంగతి తెలిసిపోయి, వాణ్ణి ఎత్తుకోవాలనిపించినప్పుడల్లా "ఏం పోరడమ్మా, జూడబుద్ధయితలేదు" అని ముద్దు పెట్టుకునేది. మా వాడలో అదే మెచ్చుకోలు.

నా తల చుట్టూ ఉప్పుగానీ మిరపకాయగానీ ఒక్కసారి తిరగలేదు. ఒకనాడు తమ్ముడి పక్కన పీట మీదికి నేనూ ఎక్కబోయాను. అవ్వ మోచేత్తో పక్కకు నెట్టింది.

"నీకెందుకే? నిన్నెవలు జూస్తరు?"

కోపంతో అనలేదు, చేస్తున్న పనిలో ఉండి అంది. నేను దిగి పక్కకు నిలబడ్డాను. నిజమే కదా అనుకున్నాను. కానీ మనసులో ఎక్కడో చిన్న ముల్లు దిగింది.

తమ్ముడికి నాలుగు దాటాయి. బేబీ క్లాసులో వేద్దామని ఆయమ్మ పట్టు పట్టింది. బోర్డు మీద కిండర్‌గార్టెన్ అని ఉండేది, ఆ మాట మా వాడలో ఎవరికీ నోరు తిరగక అందరం బేబీ క్లాసు అనేవాళ్ళం.

"నలుగురి కండ్లల్ల వడతడక్కా" అంది అవ్వ.

"కొన్నదాన్ని నేను. నా కొడుకును నేను బడికేస్త. నడుమ నీదేంది?" అంది ఆయమ్మ. అవ్వ పెట్టిన నమ్మకమే అవ్వకు అడ్డం వచ్చింది.

ఎండాకాలమంతా వాణ్ణి తయారు చేశాం. తయారు చేశాం అంటే చేసింది నేను. ముద్దలు కలిపి పెడితేగాని తిననివాడికి తన చేత్తో తినడం నేర్పాను. లాగు బొందు విప్పుకోవడం, కట్టుకోవడం నేర్పాను. ఒకటికి వస్తే వేలు చూపాలని, ముక్కు అంగీకి తుడవకూడదని, పలక నాకకూడదని నేర్పాను. మొక్కు తీరలేదని వాడి పుట్టువెంట్రుకలు తీయలేదు, నడుం దాకా జడ. తెల్లారితే రెండు తలలకు నూనె పెట్టి రెండు జడలు అల్లడం నా పని. బాపు పాత ఖాకీ అంగీ చింపి అవ్వ వాడికి సంచి కుట్టింది. ఇంకేం, అన్నీ వచ్చేశాయి అనుకున్నాం. సగం వేసవి పోయేసరికే నాకు విసుగు పుట్టింది, అయినా బయటికి అనలేదు.

బడి తెరిచిన రోజు సన్నటి వాన. మొజంజాహి మార్కెట్ ముందు తడిసిన పండ్ల వాసన, జట్కా గుర్రాల ఒంటినుంచి ఆవిర్లు. ఆబిడ్స్‌లో అద్దాల షాపుల ముందు తమ్ముడు కాళ్ళు తన్నిపెట్టి నిలబడిపోయాడు. లాక్కెళ్ళాను. బేబీ క్లాసు టీచరు తెల్లచీర కట్టుకున్న మనిషి, ఆవిడదీ మెదకే, మెత్తటి గొంతు. జడ చూసి పిల్లలు నవ్వితే, "వాళ్ళ దేవునికి మొక్కుకున్నరంట, మనమెందుకు నవ్వుతం" అని ఒక్క మాటతో ఊరుకోబెట్టింది. తమ్ముడు ఏడవలేదు. నా చెయ్యి వదిలి చాప మీద కూర్చున్నాడు. నా కష్టమంతా ఫలించిందనుకుని ఒక్క పరుగున నా క్లాసుకు పోయాను.

ఇంకా తెలుగు పాఠం అయిపోలేదు, ఆయమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "బిడ్డా, జర రా. నీ తమ్ముడు గుక్క వట్టిండు."

అది మొదలు. రోజూ అదే తంతు. పొద్దున్నే హుషారుగా వచ్చేవాడు. చాప మీద కూర్చునేవాడు, పలక తీసేవాడు, పక్కపిల్లతో కబుర్లు చెప్పేవాడు. ఉన్నట్టుండి ఆరున్నొక్క రాగం. ఆకలేమో అని టీచరు బిస్కెట్టు ఇచ్చింది. కడుపునొప్పేమో అని ఆయమ్మ వాము నమిలించింది. ఇంటిమీద బెంగేమో అని బాపు తోటలోంచి రాలిన గులాబీ తెచ్చి జేబులో పెట్టి పంపాడు. తాయెత్తు కట్టారు. ఏదీ పనిచేయలేదు. నేను పక్కన కూర్చున్నా ఏడిచేవాడు, కూర్చోకపోయినా ఏడిచేవాడు. ఎందుకురా అంటే చెప్పడానికి వాడికి తెలిస్తే కదా.

"వాడు ఊకునేదాంక నువ్వు గాడనే కూసో. నీ సదువుకేం దొంగలు వడ్డరా" అంది అవ్వ. బాపు రొట్టె తుంచుకుంటూ "జూద్దాం తీ" అన్నాడు. బాపు అన్నిటికీ అదే అనేవాడు.

అలా నా బడి బేబీ క్లాసు వరండాలోకి మారింది. ఎదురుగా మైదానం, మైదానం అవతల నా క్లాసు. గాలి ఇటు తిరిగితే ఎక్కాలు వినిపించేవి, అటు తిరిగితే లేదు. వినిపించినంత మేర నేనూ పెదాలు కదిపేదాన్ని. వానజల్లు కొడితే స్తంభం వెనక్కి జరిగేదాన్ని. పిల్లలకు ముక్కులు తుడిచాను, లాగులు కట్టాను, పడినవాళ్ళను లేపాను. ఆయమ్మ పనిలో సగం నాకు వచ్చి పడింది. పదేళ్ళు దాటిన పిల్లను, ముసలమ్మలా నడుం పట్టుకుని లేచేదాన్ని. సద్ది డబ్బాలో పచ్చిమిరప కారం అద్దిన రొట్టె ఉండేది, తినాలన్నా విసుగే.

ఒకరోజు మా క్లాసు పంతులమ్మ మైదానం దాటి వచ్చి వరండాలో నా ముందు నిలబడింది.

"దసరా సెలవులలోపల నువ్వు క్లాసుకు రాకుంటే పేరు కొట్టేయాల్సి వస్తది. పెద్ద టీచరమ్మ అడుగుతున్నరు. ఇంట్ల చెప్పు."

ఇంట్లో చెప్పాను. అవ్వ పొయ్యి ఊదుతూ తల తిప్పలేదు. "కొట్టేస్తె కొట్టేయనీ. ఆడివిల్లవు, గిన్నొద్దులు సదివినవు, సాలు. వానికాడ కూసుంటె వాడన్న సదువుకుంటడు." ఆ రాత్రి నాకు తమ్ముడి మీద పీకల దాకా కోపం వచ్చింది. వాడు నిద్రలో నా జడ చివర పట్టుకుని పడుకున్నాడు. విడిపించుకోవాలని కూడా అనిపించలేదు, అంత అలిసిపోయి ఉన్నాను.

బతుకమ్మకు ఇంకా నెల ఉండగానే పూలు మార్కెట్లోకి రావడం మొదలైంది. తంగేడు, గునుగు గంపలు చూస్తే ఆడపిల్లలకు పండగ, నాకు గుండెదడ. సెలవులు దగ్గరికి వస్తున్నాయని తెలిసిపోయేది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున కిటికీ చువ్వల్లోంచి లోపలికి చూస్తున్నాను. తమ్ముడు పలక మీద సున్న చుట్టాడు. బాగానే వచ్చింది, గుండ్రంగా. టీచరు వంగి చూసింది. "శాభాష్ నాయనా. ఎంత సక్కగ రాసినవ్" అంది. తమ్ముడి చేతిలో బలపం కిందపడింది. రెండు చేతులూ తొడ మీద కప్పుకున్నాడు. కప్పుకుని, అప్పుడు ఏడుపు ఎత్తుకున్నాడు.

ముందు తొడ కప్పుకున్నాడు. ఆ తర్వాతే ఏడిచాడు. వాడికి ఏమీ నొప్పి లేదు, ఆకలి లేదు, బెంగ లేదు. మంచి మాట చెవిన పడింది కాబట్టి ఇక గిల్లుడు పడుతుందని, ఆ వెనక మిరపకాయల పొగ వస్తుందని ఎదురుచూస్తున్నాడు. వేసవంతా అన్నీ నేర్పిన నాకు ఇది తోచలేదు. ఎవరైనా బాగున్నావంటే తట్టుకోవడం కూడా నేర్పాలని మా ఇంట్లో ఎవరికి తెలుసు? ఆ టీచరు సంగతి చూడబోతే, పలక తియ్యగానే మెచ్చుకునేది, కూర్చుంటే మెచ్చుకునేది. ఆవిడ పెంపకం అలాంటిది. పాపం, ఆవిడ ఎంత ప్రేమగా మాట్లాడితే వాడు అంత హడలిపోయాడు.

మధ్యాహ్నం గంట కొట్టాక ధైర్యం తెచ్చుకుని ఆవిడ దగ్గరికి పోయాను. "టీచర్, మా తమ్ముణ్ణి మంచిగ రాసినవనకుండ్రి."

ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "తమ్ముని మెచ్చుకుంటె నీ మనసుకు కష్టమైతుందా బిడ్డా? గట్ల కుళ్ళుకోవద్దు."

మెత్తగానే అంది. గిల్లడం గురించి చెబితే అవ్వను బయట పెట్టినట్టు అవుతుంది. చెప్పకపోతే నేను కుళ్ళుబోతునవుతాను. గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుని వరండాలోకి వచ్చేశాను. నెలల తరబడి పడ్డ చాకిరికి ఈ పేరా అని దుఃఖం వచ్చింది.

మర్నాడు ఇక తెగించాను. తమ్ముడు సున్న చుట్టడం పూర్తి చేశాడు, టీచరు వాడి వైపు అడుగు వేసింది. ఆవిడ నోరు తెరవకముందే నేను కిటికీలోంచి గట్టిగా అన్నాను. "థూ, ఏం సున్నరా అది. కాకి గీకినట్టున్నది. నువ్వూ నీ మొకమూ."

తమ్ముడు తలెత్తి నన్ను చూశాడు. ముఖమంతా విచ్చుకుంది. నవ్వాడు. బలపం మళ్ళీ పట్టుకుని ఇంకో సున్న చుట్టాడు, దాని పక్కన ఇంకోటి. ఆ బడిలో వాడు నవ్వడం టీచరు చూడటం అదే మొదటిసారి.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. "ఇంట్ల మంచి మాటంటే ఏమైతది?" అని అడిగింది, గొంతు తగ్గించి. అప్పుడు చెప్పాను. తొడ సంగతి, పీట సంగతి, నిలవని ఇద్దరి సంగతి, అంతా. నిన్న అన్న మాటకు నన్ను క్షమించమని ఏమీ అడగలేదు, కొంగుతో నా ముఖం మాత్రం తుడిచింది.

ఆవిడ చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటాను. కొన్నాళ్ళు వాణ్ణి ఒక్క మాట అనలేదు. చూసేది, తల ఊపేది, వెళ్ళిపోయేది. వాడికి హాయిగా ఉండేది. తర్వాత ఒకరోజు వాడి పలక ఎత్తి పట్టుకుని, "ఈ పలక మంచిగున్నది" అంది. పలకను మెచ్చుకుంటే వాడికేం భయం, ఊరుకున్నాడు. ఇంకొన్నాళ్ళకు, "ఈ బలపం మంచిగున్నది." ఇంకొన్నాళ్ళకు, "ఈ సంచి ఎవలు కుట్టిన్రో, మంచిగ కుట్టిన్రు." ఆ తర్వాత వాడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "ఈ చెయ్యి మంచిగున్నది" అంది. వాడు చెయ్యి లాక్కుని వెనక దాచుకున్నాడు. కానీ ఏడవలేదు. కాసేపు చూసి మళ్ళీ ముందుకు చాపాడు.

సెలవులకు ముందటి వారం ఆవిడ వాడి ఎదురుగా చాప మీద కూర్చుంది. "నువ్వు మంచిగున్నవ్ నాయనా" అంది.

వాడి రెండు చేతులూ తొడ మీదికి పోయాయి. తలుపు వైపు చూశాడు. కిటికీలో నన్ను చూశాడు. ఎవరో వస్తారని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. నేను కదల్లేదు. టీచరూ కదల్లేదు. చాలాసేపటికి ఒక చెయ్యి తొడ మీదనుంచి తీశాడు, బలపం కోసం. రెండో చెయ్యి మాత్రం ఆ పూటంతా తియ్యలేదు. ఆ మాటకొస్తే వాడి పెళ్ళిలో ఎవరో అల్లుడు బంగారమన్నప్పుడు కూడా వాడి చెయ్యి పంచె మీద తొడ దగ్గరికి పోవడం నేను చూశాను.

వాడు కుదురుకున్నాడు. కానీ నా సంగతి తేలలేదు. "గిప్పుడే కదా ఊకున్నది. నువ్వు లేస్తె మళ్ళ షురూ జేస్తడు. ఉండు గాడనే" అంది అవ్వ. అవ్వకు నేను వరండాలో కాపలా అయిపోయాను. నేనుంటే వాడి మీద ఏ కన్నూ పడదని ఆమెకు ధైర్యం. నాకు వాదించే శక్తి లేదు.

ఆ ఆదివారం సాయంత్రం ఆయమ్మ వెంట టీచరు మా వాడకు వచ్చింది. వాన వెలిసి గచ్చు ఇంకా తడిగా ఉంది. అవ్వ ఆవిడను చూడగానే తమ్ముణ్ణి కొంగు చాటుకు లాగింది. చెయ్యి వాడి తొడ దగ్గరే పెట్టుకుంది, గిల్లడానికి సిద్ధంగా. బాపు మంచం వాల్చాడు.

టీచరు కూర్చుంది. తమ్ముడి వైపు కన్నెత్తి చూడలేదు. "మీ కొడుకు గురించి రాలే అమ్మా" అంది. "కొడుకు ఆయమ్మ కొడుకే కద. నేను మీ బిడ్డ గురించి వచ్చిన."

అవ్వకు అర్థం కాలేదు. "ఏం జేసిందమ్మా?" అంది.

"ఆ పోరడు ఎందుకు ఏడుస్తున్నడో బడిల ఒక్కరికీ తెల్వలే. మీ బిడ్డ కనిపెట్టింది. నేను తిట్టినా ఊకోలే. వాడు ఇయ్యాల నవ్వుకుంట కూసుంటున్నడంటె ఈ పిల్ల పుణ్యం. చానా తెలివిగల్ల పిల్ల. గిసొంటి పిల్ల మా బడిల ఇంతవరకు లేకుండె. సెలవులల్ల దినాం ఒక గంట నా ఇంటికి పంపుండ్రి, పోయిన పాఠాలు చెప్త. కానీ ఆ వరండాల కూసోవెడితే మాత్రం పాపం తగుల్తది."

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నా గురించి అన్ని మాటలు వరుసగా నేనెప్పుడూ వినలేదు. అవ్వ చాయ్ ఇచ్చింది. ఆవిడ తాగింది, సందు దాటి వెళ్ళిపోయింది. బాపు "జూద్దాం" అనబోయి అవ్వ ముఖం చూసి మానేశాడు.

దీపాలు పెట్టే వేళకు అవ్వ పీట వేసింది. తమ్ముణ్ణి కూర్చోబెట్టింది. టీచరు వాణ్ణి మెచ్చుకోకపోయినా ఇంటికి వచ్చింది కదా, దిష్టి తియ్యాల్సిందే. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు గుప్పుమంది, అందరం దగ్గాం. తమ్ముడు లేచి పరుగెత్తాడు. నేను పీట తీసి గోడకు పెట్టబోయాను. అవ్వ మళ్ళీ ఉప్పు కుండలో చెయ్యి పెట్టింది.

"పీట తియ్యకు. కూసో."

"నేనా?"

"నువ్వే. ఇంటిమీదికొచ్చి గన్ని మాటలన్నదామె. తాకదా మరి?"

కూర్చున్నాను. కాళ్ళు ఎలా పెట్టుకోవాలో కూడా తెలియలేదు. "తూర్పు దిక్కు మొకం వెట్టు" అంది. పిడికిలి నా తల చుట్టూ తిరిగింది. ఆమె గాజుల చప్పుడు నా చెవి పక్కనుంచి అంత దగ్గరగా పోవడం అదే మొదటిసారి. ఏదో గొణుగుతోంది. ఇరుగు కన్ను, పొరుగు కన్ను, బడి కన్ను, టీచరమ్మ కన్ను. ఆ తర్వాత పొయ్యిలో వేసింది.

మిరపకాయలు చిటపటలాడాయి, నల్లబడ్డాయి. ఘాటు రాలేదు. అవ్వ వంగి చూసింది. ముక్కు దగ్గరికి చెయ్యి ఊపుకుంది. ఆమె ముఖంలో భయం స్పష్టంగా కనిపించింది. అంతవరకు తమ్ముడి కోసమే ఆ భయం చూశాను.

"జూసినవా, ఇసమంత గూడ వాసన లేదు" అంది బాపుతో. "పోరికి మస్తు తాకింది." నా తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. "సెలవులైనంక నీ క్లాసుకు నువ్వు పో. వాని ఫికర్ నాకు వెట్టు."

పొగ లేదు, ఘాటు లేదు. అయినా నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. అవ్వ అది చూసి దిష్టి దిగుతోందనుకుంది. నేనూ అవుననే అన్నాను.

సెలవులయ్యాక నా క్లాసుకు పోయాను. మైదానం మధ్య తమ్ముడు నా చెయ్యి వదిలేసి వెనక్కి చూడకుండా పోయాడు. ఆ పైన నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను, ఎంతమంది పిల్లలను చాప మీద కూర్చోబెట్టానో లెక్కలేదు. పదవీ విరమణ రోజు దండలు వేసి గొప్పగా చెప్పారు. ఇంటికి వచ్చి దండలు మేకుకు తగిలించి పడుకున్నాను. పీట వేసేవాళ్ళు అప్పటికే లేరు.

లోపల మళ్ళీ చప్పట్లు. పిల్ల ఇంకో ముద్ద మింగినట్టుంది. నా ముక్కుకు మళ్ళీ ఆ ఘాటు. ఆ సాయంత్రం పొయ్యిలోంచి రాని ఘాటే, ఇన్నేళ్ళుగా వస్తోంది.